చక్రాల కుర్చీ వద్దన్న కండక్టరమ్మ

కొడుకు తనకోసం చక్రాల కుర్చీ ఆర్డరు పెట్టాడన్న సంగతి కండక్టరమ్మకు కోడలి నోటినుంచే తెలిసింది. కోడలు కుట్టుమిషను ముందు కూర్చుని కర్టెన్లకు అంచులు కుడుతూ, "ఆ తలుపు దగ్గర స్టూలు తీసేయాలత్తయ్యా, కుర్చీ వస్తే తిరగడానికి చోటుండాలి కదా" అంది.

"ఏ కుర్చీ?"

కోడలు నాలిక్కరుచుకుంది. మిషను ఆగిపోయింది. ఇక దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పేసింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో కండక్టరమ్మకు ఆ పూట తెలిసొచ్చింది.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. ఒక చేతిలో టికెట్లు, ఇంకో చేతిలో చిల్లర పట్టుకుని, కడ్డీ ముట్టుకోకుండా, డ్రైవరు ఎంత గట్టిగా బ్రేకు తొక్కినా తొణక్కుండా నిలబడ్డ మనిషి. ఉద్యోగం అయిపోయి పదమూడేళ్ళయినా వీధి వీధంతా ఆవిణ్ణి కండక్టరమ్మనే పిలుస్తుంది. నాలుగు నెలల కిందట, డెబ్బై మూడో ఏట, పొద్దున్నే బాత్‌రూములో కళ్ళు తిరిగి పడిపోయింది. ఎముకలేం విరగలేదు గానీ నుదుటిమీద మూడు కుట్లు పడ్డాయి. ఇక ఆ రోజునుంచి కొడుకు ఆవిణ్ణి కాలు కింద పెట్టనిస్తే ఒట్టు. మంచినీళ్ళు మంచం దగ్గరికే వచ్చాయి. భోజనం మంచం దగ్గరికే వచ్చింది. "నువ్వు లేవకమ్మా" అన్న మాట రోజుకు పాతికసార్లు వినబడింది. మొదటి నెల అది ముద్దుగానే ఉండేది. రెండో నెలకు అలవాటైంది. నాలుగో నెలకు తొడలు సన్నబడి, చీర కుచ్చిళ్ళు సర్దుకునేంతసేపు నిలబడడానికి కూడా గోడ ఊతం కావలసివచ్చింది.

"ఎక్కడిచ్చాడు ఆర్డరు?"

"కింద మందుల షాపులోనే, అత్తయ్యా."

"అయితే నేనే వెళ్ళి వద్దని చెప్పొస్తాను."

"మూడంతస్తులు! లిఫ్టు కూడా లేదు!"

"ఇక్కడ కాపురముంటున్నది నేనూను. నాకు తెలీదూ?"

మెట్లకు ఒక్క వైపే రెయిలింగు ఉంది. అది కూడా ప్రతి మలుపు దగ్గరా తెగిపోయి, రెండు మెట్లు దిగాక మళ్ళీ మొదలవుతుంది. కండక్టరమ్మ పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి దిగింది. దారిలో రెండుసార్లు మెట్ల మీదే చతికిలబడి ఊపిరి తీసుకుంది. వెనకాల కోడలు కోడిపిల్లను పట్టబోతున్న దానిలా రెండు చేతులూ చాచుకుని వచ్చింది. కిందికి చేరేసరికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

మందుల షాపు వీధి చివర ఉంది. గాజు కౌంటరు, గుయ్యిమంటూ ఓ ఫ్రిజ్జు, బరువు చూసే మిషను, గోడవారగా మూడు కుర్చీలు. షాపు నడిపే ఆవిడకు నలభై అయిదేళ్ళుంటాయి గానీ ఆ వీధిలో పెద్దవాళ్ళందరికీ ఇంకా మందులమ్మాయే. ఆమె కండక్టరమ్మను చూడగానే కళ్ళద్దాలు నుదుటిమీది నుంచి కిందికి దించుకుంది.

"మీరా! నెలనెలా మీ మందులు పంపిస్తున్నాను గానీ, మిమ్మల్ని చూసి ఎన్నాళ్ళయింది! మూడంతస్తులూ దిగొచ్చారా?"

"ఎగిరి రాలేదుగా. నా కోసం వచ్చిన ఆ కుర్చీ వాపసు పంపించెయ్."

"ముందు కూర్చోండమ్మా."

"కూర్చోమనేవాళ్ళు మా ఇంట్లో దండిగా ఉన్నారు. నువ్వు కుర్చీ సంగతి చెప్పు."

అంత మాటా అంది గానీ మోకాళ్ళు గడగడలాడుతున్నాయి. కూర్చోక తప్పలేదు. మందులమ్మాయి కౌంటరు దాటి వచ్చి ఎదురుగా నిలబడింది.

"పంపించేస్తాను. మీరు ఒక్క పని చేయండి చాలు. చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, ఆ కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చోండి. అలా ఐదుసార్లు."

"ఓస్, అంతేనా?"

కండక్టరమ్మ చేతులు కట్టుకుంది. ముందుకు వంగింది. ఒళ్ళు సగం లేచి, ధబ్బున కూలబడింది. రెండోసారీ అంతే. మూడోసారి తనకు తెలియకుండానే చెయ్యి కుర్చీ అంచును వెతుక్కుంది.

"ఈ కుర్చీ మరీ లోతుగా ఉంది."

"కుర్చీ మామూలుగానే ఉందమ్మా."

కోడలైతే ఈపాటికి "పర్లేదులెండి అత్తయ్యా" అనేసేది. మందులమ్మాయి అలా అనలేదు. ఆ అనకపోవడం కండక్టరమ్మకు ఎందుకో నచ్చింది. చాలా రోజుల తర్వాత ఎవరో తనను చిన్నపిల్లలా కాకుండా పెద్దమనిషిలా చూశారనిపించింది. మందులమ్మాయి ఆవిణ్ణి కాసేపు కూర్చోనిచ్చి బీపీ చూసింది. నిలబెట్టి, నిమిషం ఆగి మళ్ళీ చూసింది.

"కూర్చున్నప్పుడు నూట ముప్పై ఉంది. నిలబడేసరికి నూట రెండుకి పడిపోయింది. పొద్దున లేవగానే కళ్ళు తిరుగుతున్నాయా?"

"డెబ్బై మూడేళ్ళకి ఎవరికి తిరగవు?"

"వయసుకి తిరగవమ్మా. ఏదో ఒక కారణానికి తిరుగుతాయి. ఇంట్లో మీరు వేసుకునే మందులన్నీ ఒక సంచిలో వేసి రేపు పట్టుకురండి. మా దగ్గర కొన్నవీ, బయట కొన్నవీ, చుట్టాలిచ్చినవీ, అన్నీ."

మర్నాడు కండక్టరమ్మ మళ్ళీ దిగింది. సంచి కోడలు మోసింది. మందులమ్మాయి దాన్ని కౌంటరు మీద బోర్లించి, పేకముక్కలు సర్దినట్టు మాత్రల షీట్లన్నీ వరసగా పేర్చింది. అందులోంచి రెండు తీసి పక్కపక్కన పెట్టింది.

"ఇది వీధి క్లినిక్కు డాక్టరుగారు రాసింది. ఇది మీరు పడ్డప్పటికంటే ముందు పెద్దాసుపత్రిలో రాసి, అక్కడే ఇచ్చింది. రెండూ రోజూ వేసుకుంటున్నారా?"

"వేసుకోమనేగా ఇచ్చారు."

"పేర్లు వేరు గానీ లోపలున్నది ఒకటే మందు. బీపీది."

కండక్టరమ్మ ఆ రెండు షీట్లనూ తేరిపార చూసింది. "అంటే ఒకే ప్రయాణానికి నాకు రెండు టికెట్లు కొట్టారన్నమాట!"

అక్కడితో అయిపోలేదు. భర్త పోయినప్పుడు రెండు వారాలకని రాసిన నిద్రమాత్ర రెండేళ్ళుగా నడుస్తోంది. దురదకని ఎప్పుడో మొదలుపెట్టిన ఇంకో మాత్ర కూడా మత్తెక్కించేదే. పగలంతా ఒళ్ళు తూలుతుంటే ముసలితనం అనుకున్నారు అందరూ, తనతో సహా.

మందులమ్మాయి నిద్రమాత్ర షీటును పక్కకు జరిపింది. తర్వాత నెమ్మదిగా అంది: "ఇందులో నా తప్పూ ఉందమ్మా. చీటీ వచ్చింది, మందిచ్చాను. మనిషి ఎందుకు రావట్లేదని అడగలేదు. పందొమ్మిదేళ్ళుగా ఈ కౌంటరు వెనకాల నుంచి ఇదే చూస్తున్నాను. ముందు మనిషి వస్తారు. కొన్నాళ్ళకి చీటీ మాత్రమే వస్తుంది. తర్వాత చీటీ కూడా రాదు."

అప్పటికప్పుడే క్లినిక్కు డాక్టరుకు ఫోను చేసింది. ఆయన మొదట విసుక్కున్నట్టే ఉంది. ఆమె రెండు మందుల పేర్లూ, రెండు బీపీలూ చదివి వినిపించాక అటువైపు గొంతు తగ్గింది. బీపీ మాత్రల్లో ఒకటి ఆపేయమన్నాడు. దురద మాత్ర మార్చాడు. నిద్రమాత్ర మాత్రం ఒక్కసారిగా మానకూడదు, కొద్దికొద్దిగా తగ్గించాలని చెప్పాడు. మందులమ్మాయి అన్నీ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసింది.

"మీ అంతట మీరు ఏదీ మానొద్దు, ఏదీ మొదలుపెట్టొద్దు. కుర్చీ పన్నెండు వారాలు నా దగ్గరే ఉంటుంది. మీవాడితో నేను చెప్తాను. పన్నెండు వారాలయ్యాక ఇక్కడికొచ్చి, చేతులు వాడకుండా ఐదుసార్లు, పదిహేను సెకన్లలోపు లేచి కూర్చోవాలి."

"లేవలేకపోతే?"

"అప్పుడు ఆ కుర్చీ తీసుకోవాలి. అందులో చిన్నతనమేం లేదు. మన వీధిలోనే ఇద్దరు చక్రాల కుర్చీలో ఉద్యోగాలకి వెళ్ళొస్తున్నారు. వాళ్ళకి అది బయటికి తీసుకెళ్ళే బండి. మీకు మాత్రం ఇంట్లో కూర్చోబెట్టే బండి అయిపోతుందేమోనని."

"దాన్నలాగే ప్లాస్టిక్కు కవర్లోనే ఉంచు. విప్పొద్దు" అని కండక్టరమ్మ ఇంటిదారి పట్టింది.

ఇక మొదలైంది. భోజనాల బల్ల దగ్గరి కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడడం. ఒక కాలు మీద పది లెక్కపెట్టేదాకా ఉండడం. ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి, తాడు మీద నడిచినట్టు హాలంతా నడవడం. పొద్దున ఒక గుడ్డు, సాయంత్రం గ్లాసుడు పాలు. వదులు చెప్పులు పోయి, మడమను పట్టుకునే బూట్లు వచ్చాయి. మంగళవారం, శుక్రవారం షాపుకు వెళ్ళి, కూర్చున్న బీపీ, నిలబడ్డ బీపీ చూపించుకోవడం. ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం ఆవిడకు విసుగు. లేచిన ప్రతిసారీ తన పాత రూటులో ఒక స్టాపు పేరు కేకేసేది: "డిపో! మార్కెట్టు! రైలు గేటు! ఆసుపత్రి! గడియారం స్తంభం!" మొదటి వారం మార్కెట్టు దగ్గరే బండి ఆగిపోయింది. మూడో వారానికి బల్ల మీద చెయ్యి ఆనించి ఆసుపత్రి దాకా వెళ్ళింది. కోడలు మిషను తొక్కుతూనే, "అత్తయ్యా, రైలు గేటు తర్వాత ఒకటి ఎగ్గొట్టారు" అని పట్టేసుకునేది.

నాలుగో వారం నరకమైంది. నిద్రమాత్ర సగానికి తగ్గేసరికి కంటిమీద కునుకు లేదు. ఇంట్లో అందరిమీదా ఒంటికాలి మీద లేచింది. మందులమ్మాయి డాక్టరుతో మాట్లాడి తగ్గించే వేగం తగ్గించింది గానీ, మళ్ళీ పాత లెక్కకు పోనివ్వలేదు.

కొడుకు ఒక శుక్రవారం ఆఫీసునుంచి త్వరగా వచ్చి, తల్లి మంచం మీద లేదని తెలిసి తిన్నగా షాపుకు వచ్చాడు. బీమా ఆఫీసులో పనిచేసే మనిషి, గొంతు పెంచి ఎరగడు. ఆ రోజు పెంచాడు.

"మా అమ్మ మెట్ల మీద పడితే మీరొస్తారా?"

"మీ అమ్మగారు ముందు పడింది నడిచినందుకు కాదండీ. ఒకే మందు రెండుసార్లు పడ్డందుకు" అంది మందులమ్మాయి.

"మందులమ్మేవాళ్ళు మందులమ్ముకుంటే సరిపోతుంది."

"అదే చేస్తున్నాను. మందివ్వడమంటే అది లోపలికెళ్ళి ఏం చేస్తోందో చూసుకోవడం కూడా."

చేతికి బీపీ పట్టీతో కూర్చున్న కండక్టరమ్మ, "ఒరేయ్, నువ్వట్లా అరిస్తే నా బీపీ తప్పొస్తుంది. బయట నిలబడు" అంది. అతను నిజంగానే వెళ్ళి బయట నిలబడ్డాడు.

ఏడో వారంలో ఆవిడ పడింది. రెండో అంతస్తు మలుపులో, రెయిలింగు తెగిపోయే చోట, చెయ్యి దేన్నో అందుకోబోయి ఖాళీ గోడను రాసుకుంది. బూటు జారి, రెండు మెట్లు కిందికి కూర్చున్నట్టే జారిపోయింది. ముందు నడుస్తున్న కోడలు వెనక్కి తిరిగేలోపే అంతా అయిపోయింది. చప్పుడుకు రెండో అంతస్తులో ఉండే లెక్కల మాస్టారు చేతికర్రతో గుమ్మంలోకి వచ్చాడు. తుంటి కమిలి నల్లబడింది తప్ప ఇంకేం కాలేదు. కానీ సాయంత్రం కొడుక్కి తెలిసింది. మర్నాడు పొద్దున ఆవిడ గదిలోంచి బయటికి వచ్చేసరికి హాలు మధ్యలో చక్రాల కుర్చీ ఉంది. షాపు తెరవగానే అతనే వెళ్ళి తెచ్చుకున్నాడు. కవరు విప్పేసి ఉంది.

"కూర్చోమ్మా."

"కూర్చోను."

"నిన్న పడ్డావు."

"పడ్డాను. లేచాను కూడా. కోడలు చెయ్యందించినా వద్దన్నాను, మాస్టారినడుగు. బాత్‌రూములో పడ్డప్పుడు నన్ను నువ్వు ఎత్తాల్సి వచ్చింది. నిన్న నేనే లేచాను. ఆ తేడా నీ కంటికి ఆనలేదా?"

కొడుకు ఆ చక్రాల కుర్చీలోనే కూలబడి, తల పట్టుకున్నాడు.

"ఆ రోజు తలుపు విరగ్గొట్టింది నేనమ్మా. నేలంతా రక్తం. పిలిస్తే పలకలేదు నువ్వు. ఉన్నావో లేదో తెలీని ఆ కాసేపు... నీకేం, నీకు గుర్తుండదు. నాకు రోజూ గుర్తొస్తుంది."

వీడు ఈ ఐదారు నెలలూ ఆ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడని కండక్టరమ్మకు ఇప్పుడు తెలిసింది. దగ్గరికి వెళ్ళి వాడి జుట్టులో చెయ్యి పెట్టింది. గొంతు మెత్తబడింది గానీ పట్టు సడలలేదు.

"నేను డ్యూటీలో చేరిన రోజు మీ నాన్న కూడా ఇదే మాటన్నారు, పడతావ్ అని. ఆయనన్నట్టే మూడుసార్లు పడ్డాను. ఒకసారి పన్ను కూడా ఊడింది. మానేశానా? నువ్వు భయపడుతున్నావని నన్ను కూర్చోమంటే కుదరదురా నాన్నా. నీ భయం నువ్వు మోసుకో. నా ఒళ్ళు నేను మోసుకుంటాను. బరువైతే చెప్తాను, అప్పుడు పట్టుకుందువుగాని."

ఎప్పుడూ భర్త మాటకు ఎదురుచెప్పని కోడలు గుమ్మంలోంచి అంది: "ఐదు వారాలే కదండీ. ఈసారి అత్తయ్యకి ముందు కాదు, ఒక మెట్టు కింద, పక్కనే ఉంటాను."

చాలాసేపటికి కొడుకు లేచి కుర్చీ మడతపెట్టాడు.

పన్నెండో వారం మంగళవారం అతను సెలవు పెట్టి షాపుకు వచ్చాడు. ఫోనులో టైము తనే చూస్తానన్నాడు. కండక్టరమ్మ గోడవారగా కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుంది.

"రైట్!" అంది తనకు తనే.

డిపో దాటింది, మార్కెట్టు దాటింది. రైలు గేటు దగ్గర కాస్త ఒరిగి నిలదొక్కుకుంది. నాలుగోసారి తొడలు సన్నగా వణికాయి, పళ్ళు బిగించింది. ఐదోసారి లేచి, అలాగే నిలబడి, "గడియారం స్తంభం! ఎంతైంది?" అంది.

కొడుకు నోరు తెరుచుకుని తల్లినే చూస్తున్నాడు. ఫోనులో అంకెలు పరిగెడుతూనే ఉన్నాయి. ఆపడం మర్చిపోయాడు.

"ఒరేయ్! ఇంతోటి పనికి సెలవెందుకురా నీకు!"

"మళ్ళీ చేయాలంటే రేపు చేద్దామమ్మా" అంది మందులమ్మాయి నవ్వాపుకుంటూ.

"రేపేమిటి? ఈసారి నువ్వు చూడు. వాడికివ్వకు."

రెండు నిమిషాలు ఆగి మళ్ళీ చేసింది. పదిహేనుకు పిసరు తక్కువ. నిలబడ్డ బీపీ నూట ఇరవై నాలుగు. కొడుకు మందులమ్మాయి వైపు తిరిగి ఒకసారి తలవంచాడు. కుర్చీని ఆ వారమే, కాలు ఆపరేషనై ఇంట్లో పడి ఉన్న ఒక ఆటో డ్రైవరుకు ఇచ్చేశారు. మర్నాటినుంచే అతను అందులో వీధి మొగదాకా వచ్చి కబుర్లు చెప్పసాగాడు.

అంతటితో ఆగితే ఆవిడ కండక్టరమ్మ ఎందుకవుతుంది? తను జారిన మలుపు కళ్ళముందునుంచి పోవడం లేదు. ఆ నెల బిల్డింగువాళ్ళ మీటింగు కింద పార్కింగు స్థలంలో జరిగింది. అందరూ ప్లాస్టిక్కు కుర్చీల్లో కూర్చున్నారు. ఆవిడ లేచింది.

"మెట్లకి రెండో వైపు కూడా రెయిలింగు కావాలి. మలుపుల్లో తెగకుండా."

అధ్యక్షుడు కాగితాల్లోంచి తల ఎత్తాడు. "గోడలకి మొన్ననే కొత్త రంగు వేయించాం కదమ్మా. చిల్లులు పడితే పాడైపోదూ? అదీ మీ ఒక్కరికోసం."

"నా ఒక్కదానికోసమా? లెక్కల మాస్టారు ఎనిమిది నెలలుగా రెండో అంతస్తు దిగలేదు. తెలుసా మీకు? మొదటి అంతస్తు బామ్మగారు వానలకి ముందు కనబడ్డారు, మళ్ళీ కనబడలేదు. మీ గోడ బాగుంది. దాన్ని చూసుకుంటూ దిగడానికే మనుషులు లేరు."

"సరే సరే, వచ్చే మీటింగులో చూద్దాం. కూర్చోండి."

"కూర్చోను. వేయిస్తామని రాసేదాకా నిలబడే ఉంటాను."

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నీళ్ళ ట్యాంకు గురించి మాట్లాడుకున్నారు, ఆవిడ నిలబడే ఉంది. వాచ్‌మన్ గది గురించి మాట్లాడుకున్నారు, నిలబడే ఉంది. ఒకరు కుర్చీ ముందుకు జరిపారు, వెనక్కి నెట్టేసింది. అరగంట గడిచాక వెనక వరసలోంచి ఆవిడ కొడుకు లేచి తల్లి పక్కకు వచ్చాడు. అతనూ కూర్చోలేదు. ఆ తర్వాత కోడలు లేచింది. మరి కాసేపటికి, ఎవరూ ఏమీ అనకుండానే, ఇంకో నలుగురు. అధ్యక్షుడు చుట్టూ చూసి, మెడ పైకెత్తి మాట్లాడడం ఇబ్బందై, పెన్ను తీశాడు.

పై వారం పనివాళ్ళు వచ్చి కొత్త రంగు గోడకు చిల్లులు పెట్టారు. దుమ్ము అణగకముందే కండక్టరమ్మ మాస్టారి తలుపు తట్టింది. ఆయన మందుల సంచి అప్పటికే మందులమ్మాయి దగ్గరికి చేరింది. ఒక మాత్ర తగ్గింది కూడా. ఆయన రెండు చేతులతో రెండు రెయిలింగులూ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి, మొదటి అంతస్తు చేరాక ఆయాసపడుతూ నిలబడిపోయాడు.

"ఈ రోజుకి చాలండీ. మిగతాది రేపు."

"రేపు లేదు మాస్టారూ" అంది కండక్టరమ్మ రెండు మెట్లు కింద నిలబడి. "కావలసినంతసేపు ఆగండి, నాకేం తొందర్లేదు. కానీ ఇవాళ వీధి చూడకుండా మిమ్మల్ని పైకి పోనివ్వను."